వెనక నడిచే పోగు: రెండు రంగుల ఊలు అల్లిక గురించి ఒక ప్రసంగం

(అనంతపురంలో అల్లిక నేర్చుకుంటున్న మహిళల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఒకే వరసలో రెండు రంగుల ఊలును కలిపి అల్లే పద్ధతి గురించి. మీలో చాలామందికి ఒక రంగుతో స్వెట్టరో, మఫ్లరో, పిల్లల టోపీయో అల్లడం వచ్చు. కుట్లు ఎలా ఎక్కించుకోవాలో, ముఖం వైపు నునుపుగా వచ్చే నిట్ కుట్టు ఏదో గుబ్బగా వచ్చే పర్ల్ కుట్టు ఏదో, చివర ఎలా ముగించాలో నేను చెప్పనక్కరలేదు. రంగులు కలపాలనుకున్నవారు సాధారణంగా డిజైను దగ్గర మొదలుపెడతారు. నక్షత్రమా, పువ్వా, ఏనుగా అని వెతుక్కుంటారు. నా లెక్కలో అది ఆఖరున తేల్చుకోవలసిన సంగతి. ఈ పనిలో కష్టమూ అందమూ రెండూ ఆ క్షణాన అల్లికలో లేని పోగు దగ్గరే ఉన్నాయి. ఎర్ర ఊలుతో మూడు కుట్లు అల్లుతున్నప్పుడు తెల్ల ఊలు ఎక్కడ ఉంది, ఎంత వదులుగా ఉంది, పైనుంచి వస్తోందా కిందనుంచి వస్తోందా అన్నది మీకు తెలిసినంత కాలం మిగిలినదంతా మీకు వచ్చిన అల్లికే.

ఈ ఎండల జిల్లాలో ఊలుతో పనేమిటని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకు నేను జవాబు వెతుక్కోను. బెంగళూరులో చదువుకునే పిల్లలు, చలిదేశాల్లో పుట్టిన మనవళ్ళు మనవరాళ్ళు లేని ఇల్లు ఇప్పుడు ఈ ఊళ్ళో ఏ వీధిలో ఉందో వాళ్ళే చూపిస్తే బాగుంటుంది. పైగా ఊలు ఈ నేలకు కొత్తదేమీ కాదు. దక్కను గొర్రెల నల్ల ఉన్నిని వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచిన గొంగళ్ళను మన గొర్రెలకాపరులు ఎండకూ వానకూ చలికీ కప్పుకుంటూనే వచ్చారు. అయితే ఆ ఉన్ని చాలా ముతక కాబట్టి ఒంటికి తగిలే అల్లికకు పనికిరాదు. ఆ మాట అక్కడితో వదిలేస్తాను.

ఇప్పుడు సూదులు పక్కన పెట్టి, మీలో పట్టుచీర కట్టుకొని వచ్చినవారు కొంగు తిరగేసి చూడండి. ధర్మవరం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళినా, ఆ మగ్గాల నీడలో పెరిగినవాళ్ళు ఈ గదిలో కొందరున్నారు, వాళ్ళకు నేను చెప్పేది పాత సంగతే. బుటా ఉన్న చోట జరీ పోగు ముఖం మీదికి వస్తుంది, లేని చోట వెనక్కి వెళ్ళి, మళ్ళీ తన వంతు వచ్చేదాకా పడుగు వెనకాల వదులుగా సాగుతుంది. ఆ వదులు పోగులే కాలి మెట్టెకు, పట్టీకి తగులుకొని పీక్కుంటాయి. పెద్దంచు చీరలకు వెనక నెట్ కుట్టించుకునేది అందుకే. రెండు రంగుల అల్లికలో జరిగేదీ అచ్చంగా ఇదే: ముఖం మీద ఏ కుట్టుకు ఏ రంగు కావాలో ఆ రంగు అల్లుతాం, రెండోది వెనకనుంచి నడుస్తుంది. నేను దాన్ని ఈ ప్రసంగమంతా వెనక పోగు అంటాను.

చీరకూ అల్లికకూ ఒక్క తేడా ఉంది, అది బాగా గుర్తుపెట్టుకోవాలి. మగ్గం మీద బుటాలు దూరదూరంగా ఉంటే మధ్యన వేలాడే పోగులను నేత అయ్యాక కత్తిరించెయ్యవచ్చు; పడుగూ పేకా కలిసి బట్టను పట్టుకొనే ఉంటాయి కనుక చీరకు ఏమీ కాదు. అల్లికలో ప్రతి కుట్టూ పక్క కుట్టును పట్టుకొని నిలుస్తుంది కాబట్టి వెనక పోగును కత్తిరిస్తే దానికి రెండు పక్కలా ఉన్న కుట్లు వదులై ఊడిరావడం మొదలుపెడతాయి. కనుక ఇక్కడ వెనక పోగు తప్పించుకోలేనిది. అది పొట్టిదైతే బట్ట ముడుచుకుంటుంది, పొడవైతే వేలికి తగులుకుంటుంది, సరిగ్గా ఉంటే బట్టకు రెండో పొరై వెచ్చదనం ఇస్తుంది. చలిదేశాల్లో ఈ పద్ధతి నిలిచిపోవడానికి అందంతో పాటు ఆ రెండో పొర కూడా కారణమే.

మగ్గం మీద ఒక్కో బుటాకు ఒక్కో చిన్న కండె పెట్టి, ఆ బుటా మేరకే పోగును తిప్పే నేత కూడా ఉంది. అల్లికలో దానికి సమానమైనది ఇంటార్సియా. పెద్ద బొమ్మ ఒకటే మధ్యలో రావాలంటే, అంటే స్వెట్టరు ఛాతీ మీద ఒక్క ఏనుగు మాత్రమే కావాలంటే, ఆ పద్ధతి సరైనది. చిన్న నమూనా వరస పొడుగునా మళ్ళీ మళ్ళీ రావాలంటే వెనక పోగు పద్ధతి. ఈ రెంటినీ కలిపి గందరగోళపడటం వల్ల వచ్చే చిక్కు గురించి తరవాత చెబుతాను, ఎందుకంటే ఊలు మెలిపడటానికి సగం కారణం అదే.

ఈ అల్లిక పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఫెయిర్ ఐల్. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవులకూ ఆర్క్నీ దీవులకూ నడుమ ఉన్న చిన్న దీవి అది. 1588లో స్పెయిన్ నౌకాదళానికి చెందిన ఎల్ గ్రాన్ గ్రిఫాన్ అనే ఓడ అక్కడ పగిలిపోయిన మాట నిజమే గాని, ఆ నావికులే దీవి ఆడవాళ్ళకు ఈ నమూనాలు నేర్పారన్నది జనం చెప్పుకునే కథ మాత్రమే. బట్టల చరిత్ర తెలిసినవారు దాన్ని ఒప్పుకోరు. 1922లో వేల్స్ యువరాజు, అంటే తరవాత ఎనిమిదో ఎడ్వర్డ్ రాజైన ఆయన, సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ ఆడుతూ ఆ దీవి స్వెట్టరు వేసుకున్నాక అది ఫ్యాషనైపోయింది. నార్వేలో సెల్బు అనే ఊళ్ళో మారిట్ ఎమ్‌స్టాడ్ అనే పడుచుపిల్ల 1857లో ఎనిమిది రేకుల నక్షత్రంతో నలుపు తెలుపు చేతి తొడుగులు అల్లింది. ఆ నక్షత్రమే నార్వే అల్లికకు గుర్తుగా నిలిచింది. పెరూలో టిటికాకా సరస్సు మధ్యనున్న తకీలే దీవిలో రంగుల టోపీలు అల్లేది మగవాళ్ళు. ఆ దీవి నేత, అల్లిక విద్యను యునెస్కో 2005లో మానవజాతి వారసత్వాల్లో ఒకటిగా ప్రకటించింది. మన ఇళ్ళల్లో ఊలు సూదులు పట్టుకున్న మగపిల్లవాడిని చూసి నవ్వేవాళ్ళకు ఆ దీవి సంగతి చెప్పండి.

చరిత్రలో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. ఫెయిర్ ఐల్ స్వెట్టరు మొత్తం మీద ఆరేడు రంగులు కనిపించినా, ఏ ఒక్క వరస తీసుకున్నా అందులో రెండు రంగులకు మించి ఉండవు. కొన్ని వరసలకు ఒకసారి నేపథ్యం రంగు మారుతుంది, ఇంకొన్ని వరసలకు నమూనా రంగు మారుతుంది. కన్ను మాత్రం అన్నీ కలిసే ఉన్నాయనుకుంటుంది. పాత నమూనాల్లో ఒకే రంగు వరసగా అయిదారు కుట్లకు మించి రావడం కూడా అరుదు, ఎందుకంటే అంతకు మించితే వెనక పోగు పొడవైపోతుంది. దీన్ని బట్టి మీకు మీరే ఒక నియమం పెట్టుకోండి: మొదటి పనిలో వరసకు రెండు రంగులు, ఒక రంగు వరసగా అయిదు కుట్లకు మించకూడదు. మూడు రంగుల వరసలున్న నమూనా ఎంత ముచ్చటగా ఉన్నా ఇప్పటికి పక్కన పెట్టండి.

ఇక ఊలు. మన బజారులో ఊలు పేరుతో ఎక్కువగా దొరికేది అక్రిలిక్ అనే కృత్రిమ దారం. అది చెడ్డదని కాదు, ఉతుకుకు ఆగుతుంది, చవక, పసిపిల్లలకు దురద పెట్టదు. కాని చేతిలో ఉన్నది ఏదో తెలుసుకొని పని మొదలుపెట్టాలి. తెలుసుకోవడం తేలికే. బొటనవేలంత ముక్క తెంపి, పట్టకారుతో పట్టుకొని, సింకు మీద నిలబడి అగ్గిపుల్ల చూపండి. అసలైన ఉన్ని బద్ధకంగా అంటుకొని, వెంట్రుక కాలిన కంపు కొట్టి, మంట తీయగానే ఆరిపోతుంది. మిగిలిన బూడిదను వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. అక్రిలిక్ కరిగి, కుంచించుకుపోయి, చివర నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. అది చల్లారేదాకా ముట్టుకోవద్దు. ఈ తేడా మనకెందుకంటే, ఉన్ని పోగు ఒంటి మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. ఆ పొలుసుల వల్ల వెనక పోగు పక్క కుట్లను అంటిపెట్టుకొని ఉంటుంది, తడిపి ఆరబెడితే ఎగుడుదిగుడు కుట్లు సర్దుకుంటాయి. అక్రిలిక్ జారుతుంది, సర్దుకోదు. సూది మీద కుట్టు ఎలా పడిందో కడదాకా అలాగే ఉంటుంది. పత్తి నూలు ఇంకా మొండిది. మన ఎండకు నూలే తగినదని వాదించేవాళ్ళున్నారు, ఒక రంగు అల్లికకు నేనూ కాదనను. కాని రెండు పోగులు మోసే ఈ పనిలో నూలు బరువెక్కుతుంది, సాగదు, పోగు వదులైతే వదులుగానే వేలాడుతుంది. నేర్చుకునే చేతికి ఉన్ని, కనీసం ఉన్ని కలిసిన దారం, ఎంచుకోమని నా సలహా.

రంగుల విషయంలో మన కన్ను మనల్నే మోసం చేస్తుంది. ఎర్రచీరకు ఆకుపచ్చ అంచు కళ్ళు చెదిరేలా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎరుపు గజాల కొద్దీ, ఆకుపచ్చ జానెడు వెడల్పున ఉంటాయి. అదే ఎరుపునూ ఆకుపచ్చనూ రెండు కుట్లకు ఒకసారి మార్చి మార్చి అల్లితే నాలుగడుగుల దూరంలో నమూనా మాయమై మట్టిరంగు గుడ్డలా కనిపిస్తుంది. రెండు రంగుల మధ్య ఉండవలసింది ముదురు లేత తేడా. దీనికి ఇప్పుడు మంచి ఉపాయం ఉంది: రెండు ఉండలను పక్కపక్కన పెట్టి ఫోనులో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే ఆ జత పనికిరాదు. ఇంకొక జాగ్రత్త, ముదురు రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. చిన్న ముక్కను తడిపి, తెల్ల గుడ్డ మడతలో పెట్టి గట్టిగా నొక్కండి. గుడ్డకు మరక అంటితే ఆ ఊలు తెల్లఊలు పక్కన అల్లవద్దు, ఎంత నచ్చినా సరే.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం: రెండు పోగులను ఎలా పట్టుకోవాలి, చిక్కు పడకుండా ఎలా నడపాలి.

పట్టుకునే తీరులు ఎన్నో ఉన్నాయి. ఒక పోగు కుడిచేతి వేలి మీద, ఇంకొకటి ఎడమచేతి వేలి మీద పెట్టుకొని రెండు చేతులతో అల్లేవాళ్ళున్నారు. రెండూ కుడిచేతిలోనే చూపుడువేలి మీద ఒకటి, నడిమివేలి మీద ఒకటి వేసుకునేవాళ్ళున్నారు. రెండూ ఎడమచేతిలో పట్టి, పోగులు కలవకుండా వేలికి చిన్న తీగ ఉంగరం తొడిగేవాళ్ళు నార్వేలో ఉన్నారు. ఆండీస్ కొండల్లో పోగును మెడ చుట్టూ తిప్పుకొని, బట్టను లోపలివైపు తమకేసి పెట్టుకొని, పర్ల్‌తోనే మొత్తం అల్లేస్తారు. మీకు ఇవేవీ రాకపోతే ఒక పోగు వదిలి ఇంకొకటి అందుకుంటూ అల్లవచ్చు; నిదానంగా సాగుతుంది, అంతే. ఏ తీరు గొప్పదన్న వాదన వ్యర్థం. నా మొగ్గు రెండు చేతుల పద్ధతి వైపు, ఎందుకంటే అందులో ఏ పోగు ఎటునుంచి రావాలో చేతులే గుర్తుపెట్టుకుంటాయి. మనలో చాలామంది కుడిచేత్తో ఊలు వేసి అల్లుతారు కాబట్టి ఎడమచేతి పోగును సూదితో అందుకోవడం మొదట్లో వంకరగా అనిపిస్తుంది. ఒక రంగు ఊలుతో ఒక చిన్న ముక్క పూర్తిగా ఎడమచేతి పోగుతోనే అల్లి చూడండి, ఆ తరవాతే రెండోదాన్ని చేతికివ్వండి.

చిక్కు గురించి అందరూ చేసే ఫిర్యాదు ఒకటే: పది వరసలు అల్లేసరికి రెండు ఉండల మధ్య పోగులు తాడులా మెలిపడిపోతున్నాయి, పని ఆపి ఉండలను గాలిలో తిప్పాల్సి వస్తోంది అని. ఇందాక ఇంటార్సియా పేరు చెప్పి వాయిదా వేసింది ఇందుకే. ఆ పద్ధతిలో రంగు మారే చోట పాత పోగును కొత్త పోగుతో మెలి వేయకపోతే రెండు రంగుల మధ్య నిలువుగా చీలిక పడుతుంది, కనుక అక్కడ మెలి తప్పనిసరి. ఆ అలవాటునే కొందరు ఇక్కడికీ తెచ్చుకుంటారు, రంగు మారిన ప్రతిసారీ కొత్త పోగును పాతదాని కిందనుంచి చుట్టి తెస్తారు. మన పద్ధతిలో వెనక పోగే రెండు వైపులనూ కలిపి ఉంచుతుంది, చీలిక పడే ప్రశ్నే లేదు, మెలి అక్కరలేదు. వరసకు నలభైసార్లు రంగు మారితే నలభై మెలికలు ఒకే దిక్కుగా పడతాయి; తాడు పేనినట్టు అవకుండా ఎలా ఉంటుంది?

అందుకు విరుగుడు ఒక్క నియమం. ఒక రంగు ఎప్పుడూ పైనుంచి, రెండో రంగు ఎప్పుడూ కిందనుంచి. నేపథ్యం పోగును అందుకున్నప్పుడల్లా నమూనా పోగు మీదుగా తెచ్చుకోండి. నమూనా పోగును అందుకున్నప్పుడల్లా నేపథ్యం పోగు కిందుగా తెచ్చుకోండి. ఇలా చేస్తే ఒకటి పోయిన దారిన రెండోది తిరిగి వస్తుంది, మెలి పడేందుకు సందు దొరకదు. నేపథ్యం ఉండ మీ కుడిపక్కన, నమూనా ఉండ ఎడమపక్కన ఉంచండి. ఒళ్ళో రెండూ కలిపి పెట్టుకోవద్దు. ఒక్కొక్కదాన్ని ఒక్కో స్టీలు చెంబులో వేస్తే ఉండ దొర్లదు, పోగు మెడ దగ్గరనుంచి సాఫీగా వస్తుంది. లేచి వెళ్ళేటప్పుడు వరస మధ్యలో వదలకుండా పూర్తిచేసి లేవండి. తిరిగివచ్చాక ఏది పైన ఏది కింద అని వెతుక్కోనక్కరలేదు.

ఈ పైనా కిందా నియమం చిక్కు కోసమే అనుకోకండి, దానికి ఇంకా పెద్ద ఫలితం ఉంది. కిందనుంచి వచ్చే పోగు సూదిదాకా రావడానికి కాస్త ఎక్కువ దూరం నడుస్తుంది, అందువల్ల దాని కుట్టు వెంట్రుకవాసి పెద్దదై ముఖం మీద తేలుతుంది. పైనుంచి వచ్చే పోగు కుట్టు ఆ మేరకు చిన్నదై వెనక్కి తగ్గుతుంది. ఒక్క కుట్టులో ఈ తేడా కనపడదు, వందల కుట్లలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకే పువ్వు ఏ రంగులో ఉందో ఆ రంగును కిందనుంచి నడపాలి. రెండు చేతుల పద్ధతిలో ఎడమచేతి పోగు సహజంగా కిందనే నడుస్తుంది, కాబట్టి నమూనా రంగు ఎడమచేతికి. సగం టోపీ అయ్యాక చేతులు మార్చుకుంటే కింది పువ్వులు నిగనిగలాడుతూ, పైవి వెలిసినట్టు కనిపిస్తాయి. ఊలు అదే, నమూనా అదే, ఉతుకు కూడా పడలేదు, అయినా తేడా వస్తుంది.

వెనక పోగు పొడవు ఎంత ఉండాలన్నది వేళ్ళకు తెలియాల్సిన సంగతి, అయినా మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎర్ర ఊలుతో నాలుగు కుట్లు అల్లి తెల్లఊలుకు మారబోతున్నారు. ఆ క్షణంలో ఆగి, కుడిసూది మీదున్న ఆ నాలుగు కుట్లను బొటనవేలితో పక్కకు జరిపి, బట్ట ఎంత వెడల్పు ఉండాలో అంత వెడల్పుగా విప్పార్చండి. అప్పుడు తెల్లఊలుతో తరవాతి కుట్టు అల్లండి. వెనక పోగు ఆ నాలుగు కుట్ల వెడల్పుకు సరిపోయి పడుతుంది. కుట్లు సూది మొన దగ్గర గుమిగూడి ఉన్నప్పుడు రంగు మారిస్తే పోగు పొట్టిదై, సూది తీయగానే బట్ట కుచ్చిళ్ళు పడుతుంది. భయంతో మరీ వదిలేయడమూ తప్పే. రంగు మారిన చోట మొదటి కుట్టు పెద్దదై పళ్ళ సందులా కనిపిస్తుంది. నాలుగు చిన్న సూదుల మీద గొట్టంలా గుండ్రంగా అల్లేవాళ్ళకు సూదికీ సూదికీ మధ్య మలుపుల్లో పోగు దగ్గరదారి పట్టి బిగుసుకుంటుంది. అటువంటప్పుడు బట్టను లోపలివైపు బయటికి తిప్పి అల్లండి, సూదుల అవతలి వైపున. అప్పుడు వెనక పోగు బయటి చుట్టు మీద నడుస్తుంది కనుక దానికి దారి కాస్త ఎక్కువై వదులు తనంతట తానే వస్తుంది.

ఒక రంగు అయిదు కుట్లు, దాదాపు రెండున్నర సెంటీమీటర్లు దాటి సాగితే వెనక పోగును మధ్యలో ఒకచోట పట్టించాలి. రెండు చేతుల పద్ధతిలో అది సులువు: కుట్టులోకి సూది దూర్చాక ఎడమచేతి పోగును పైకెత్తి సూది మీదుగా ఉంచి, కుడిచేతి పోగుతో ఆ కుట్టు అల్లండి, ఎడమ పోగు మాత్రం కుట్టులోనుంచి రాకూడదు. తరవాతి కుట్టుకు దాన్ని కిందికి దించేస్తే పోగు పట్టుబడిపోతుంది, మెలి కూడా పడదు. ఒక వరసలో పట్టించిన చోటనే పై వరసలోనూ పట్టించవద్దు. ముఖం మీద నిలువు గాడి పడుతుంది, ముదురు పోగైతే లేత కుట్ల సందులోంచి తొంగిచూస్తుంది. పసిపిల్లల చేతి తొడుగులకు, టోపీలకు ఇంకా దగ్గరదగ్గరగా పట్టించండి. పసిబిడ్డ వేలు పొడవైన పోగులో ఇరుక్కుంటే చుట్టూ బిగుసుకుంటుంది, అది సరదా విషయం కాదు.

నమూనా కాగితం గురించి ఎక్కువ చెప్పను. ధర్మవరంలో డిజైను గీసేవాళ్ళు గళ్ళ కాగితం మీద గీసి, మగ్గం మీద డిజైనును నడిపే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టించే పని మీలో కొందరు చూసే ఉంటారు. మనదీ గళ్ళ కాగితమే, ఒక గడి ఒక కుట్టు. గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి వరసనూ కుడినుంచి ఎడమకు, కిందనుంచి పైకి చదవాలి. అచ్చయిన నమూనాలు చూసి భయపడేవాళ్ళు ఆ కాగితం మీద ఒక స్కేలు పెట్టి, అల్లేసిన వరసలను వదిలేసి, అల్లాల్సిన పై వరసలను కప్పుకుంటే సగం బెంగ తీరుతుంది. అల్లేసినవాటిని ఎందుకు కప్పవద్దంటున్నానంటే, కొత్త కుట్టు పాతదాని మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవడానికి అవే ఆధారం.

గుండ్రంగానే ఎందుకు అల్లాలన్నది కూడా ఒక మాటలో చెబుతాను. అటూ ఇటూ తిప్పి అల్లితే సగం వరసలు పర్ల్ వస్తాయి, అక్కడ వెనక పోగు మీకేసి ఉంటుంది, నమూనా అవతలి వైపుంటుంది, చేతులూ కళ్ళూ రెండూ తికమకపడతాయి. గుండ్రంగా అల్లితే ఎప్పుడూ నిట్టే, ఎప్పుడూ ముఖమే మీ ఎదుట. షెట్లాండ్ ఆడవాళ్ళు ముందు తెరుచుకునే స్వెట్టరును కూడా గొట్టంలా గుండ్రంగా అల్లి, తరవాత మధ్యన కత్తెరతో నిలువుగా కత్తిరించి బొత్తాం పట్టీ పెడతారు. ఆ పని చూస్తే గుండె ఆగుతుంది గాని, పొలుసులున్న ఉన్ని కాబట్టి కుట్లు ఊడిరావు. అక్రిలిక్ మీద మాత్రం మిషను కుట్టు రెండు వరసలు వేయకుండా కత్తెర పెట్టకండి.

ఎన్ని సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వస్తాయో చూసే కొలత ముక్క అల్లకుండా పని మొదలుపెట్టే అలవాటు మనకు బాగా ఉంది. ఒక రంగు టోపీకి అది చెల్లిపోవచ్చు, ఎందుకంటే ఆ బట్ట రబ్బరులా సాగుతుంది. వెనక పోగులున్న బట్ట అంతగా సాగదు, పైగా చాలామంది చేతికి బిగుతుగా వస్తుంది. లెక్క చేసి చూపిస్తాను. పిల్లవాడి తల చుట్టుకొలత 50 సెంటీమీటర్లు అనుకోండి. ఒక రంగు అల్లికైతే 45 సెంటీమీటర్ల టోపీ సాగి పట్టేస్తుంది. రెండు రంగులకు 47 ఉంచుదాం. మీ కొలత ముక్కలో 10 సెంటీమీటర్లకు 24 కుట్లు వస్తే 47 సెంటీమీటర్లకు 113 కావాలి. మీరు ఎంచుకున్న పువ్వు 12 కుట్లకు ఒకసారి వస్తుందంటే 108 గాని 120 గాని ఎక్కించుకోవాలి. మొదటిది 45 సెంటీమీటర్లై బిగుస్తుంది, రెండోది 50 అయి కళ్ళ మీదికి జారుతుంది. అదే 8 కుట్ల పువ్వు తీసుకుంటే 112 కుట్లలో పద్నాలుగు పువ్వులు చక్కగా సర్దుకుంటాయి. డిజైను ఆఖరున తేల్చుకోమన్నది ఇందుకే. తల కొలతా చేతి బిగువూ తేలాక పువ్వు దానంతటదే తేలుతుంది.

ఆ కొలత ముక్క కూడా గుండ్రపు అల్లికలాగే నిట్‌తోనే రావాలి. అందుకు గొట్టమే అల్లనక్కరలేదు. రెండు వైపులా మొనలున్న సూది మీద ఒక వరస అల్లాక బట్టను తిప్పకుండా కుట్లను సూది అవతలి కొసకు జరిపి, రెండు పోగులనూ వెనకనుంచి వదులుగా తెచ్చి, మళ్ళీ మొదటినుంచి నిట్ అల్లండి. వెనకాల పెద్ద పెద్ద పోగులు వేలాడతాయి, పట్టించుకోవద్దు. తడిపి ఆరబెట్టాక కొలవండి. బిగువుగా వస్తే సూదిని అర మిల్లీమీటరు లావుది తీసుకోండి, వదులుగా అల్లాలని చేతిని బతిమాలొద్దు. సాదా పట్టీ నుంచి రంగుల పట్టీకి మారే చోట కూడా ఈ సూది మార్పు కొందరికి తప్పనిసరి.

పూర్తయ్యాక కొసలను వెనకవైపు అదే రంగు కుట్లలోకి నాలుగైదు సెంటీమీటర్లు దూర్చి కత్తిరించండి. ఉన్ని అయితే గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, పిండకుండా, తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో బల్లపరుపుగా ఆరబెట్టండి. మన వేసవి ఎండలో దండెం మీద వేశారో, నీటి బరువుకు అది సాగిపోతుంది, రంగూ పోతుంది. తడి ఆరేసరికి కుట్లన్నీ ఒకదానికొకటి సర్దుకొని నమూనా ఒక్కసారిగా తేటపడుతుంది. అక్రిలిక్‌కు ఆ భాగ్యం లేదని ముందే చెప్పాను.

తప్పులు దిద్దుకోవడం గురించి అడుగుతారని తెలుసు. ఒక కుట్టు ఒక రంగుకు బదులు ఇంకొకటి పడితే నాలుగు వరసలు విప్పనక్కరలేదు. మొద్దు మొన ఉన్న ఊలు సూదిలో సరైన రంగు ఎక్కించి, తప్పు పడిన కుట్టు నడిచిన దారినే దాని మీదుగా ఇంకో కుట్టు కుట్టేస్తే అది పూర్తిగా కప్పబడిపోతుంది. వెనక పోగు ఎక్కడైనా మరీ పొడవుగా మిగిలిపోతే ఒక దారపు ముక్కతో లోపలివైపు పట్టించి వేయవచ్చు. బిగుసుకుపోయిన వరసకు మాత్రం మందు లేదు, విప్పాల్సిందే. ఇస్త్రీ పెడితే సాగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కనుక రెండు మూడు వరసలకు ఒకసారి ఆగి, బట్టను రెండు చేతులా పక్కకు లాగి చూడండి. వెనక పోగులు బట్టకంటే ముందు బిగుసుకొని తీగల్లా నిలబడితే అక్కడే ఆపి విప్పండి, పైకి పోకండి.

రేపు వచ్చేటప్పుడు ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకే లావు ఉన్న రెండు ఊలు ఉండలు, 4 మిల్లీమీటర్ల గుండ్రటి సూది (రెండు మొనలను వంగే తీగతో కలిపినది), మొద్దు మొన సూది, గళ్ళ కాగితం తెచ్చుకోండి. చెంబులు ఇక్కడ ఉన్నాయి. ముందు ఎడమచేతి పోగుతో ఒక ముక్క, తరవాత రెండు రంగులతో కొలత ముక్క అల్లుదాం. టోపీకి కుట్లు ఎక్కించడం ఎల్లుండి.